పట్టా లేనివారి వాటా
(శతాబ్ది ఉత్సవముల సందర్భమున సాతంరాయిలో చేసిన ప్రసంగ పాఠము)



మన ప్రాంతపు ఆర్థిక, సామాజిక జీవితమును గురించి నాలుగు మాటలు చెప్పవలసినదిగా నన్ను కోరినారు. నేను అర్థశాస్త్ర పండితుడను కాను. ఇండ్లు తిరుగు పనిలో ఉన్నవాడను గనుక, ఏ ఇంటిలో పొయ్యి ఎట్లు మండుచున్నదో కొంత ఎరుగుదును. ఆ ఎరుకను బట్టి ఒక్క మాట మీ ముందు పెట్టదలచినాను. ఒక ప్రాంతము బాగుపడినదా లేదా అని తెలిసికొనుటకు రోడ్డు ప్రక్కన లేచిన మేడలను చూచుట చాలదు. ఆ ఊరిలో పట్టాదారు పాసుపుస్తకము లేని ఇంటికి వెళ్లి, ఆ ఇంటికి ఊరి సంపదలో ఏ వాటా ఉన్నదో అడుగవలెను. ఈ కొలతతో మన ప్రాంతపు నిన్నను, నేటిని కొలిచి చూతము.

సాతంరాయి పేరులోనే రాయి ఉన్నది. ఇటు గగన్‌పహాడ్, అటు శంషాబాదు, ఈ రెంటి నడుమ బెంగుళూరు రహదారి మీద మన ఊరు. ఒకప్పుడు దీనిని 7వ నంబరు జాతీయ రహదారి అనెడివారు. 2010లో నంబర్లు మార్చినప్పటినుండి 44 అనుచున్నారు. ఎర్ర చల్క నేలలు, నడుమ నల్లరాతి గుండ్లు, పల్లమున ఒక కుంట, దాని దిగువన కొద్దిపాటి వరిమడులు, మెట్టమీద జొన్న, కంది, ఆముదము. ఇదే మన నేల స్వరూపము. పడమటి వైపున హిమాయత్‌సాగర్ ఉన్నది. 1908లో మూసీ వరద నగరమును ముంచివేసిన తరువాత, ఆ వరదను ఆపుటకును, నగరమునకు మంచినీరు ఇచ్చుటకును ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. అనగా విమానము రాకముందే నగరపు అవసరము మన నేలమీదికి వచ్చినది.

శంషాబాదు అను పేరు పాయిగా వంశపు ప్రభువుల షమ్సుల్ ఉమ్రా బిరుదునుండి వచ్చినది. నిజాము కాలమున ఇది పాయిగా జాగీరు. భూమి దున్నువాడు ఒకడు, దానిమీద అధికారము మరొకరిది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినది. 1949లో జాగీరులు రద్దయినవి. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టము వచ్చి, దీర్ఘకాలముగా దున్నుచున్నవారిని రక్షిత కౌలుదారులుగా గుర్తించినది. 38-ఇ అను మాట ఈ ప్రాంతములో చదువురాని ముసలివారికి కూడ తెలియును. రక్షిత కౌలుదారునికి యాజమాన్యము నిచ్చు ఆ సెక్షను క్రింద ధ్రువపత్రము పొందినవారు భూస్వాములైనారు. పొందలేనివారు కూలీలుగనే మిగిలినారు. ఒక కాగితము ఒక కుటుంబమును ఎటు త్రిప్పగలదో మనవారు అప్పుడే చూచినారు.

అయినను ఆ కాలపు ఊరిలో కాగితము లేనివారికి కూడ వాటాలు కొన్ని ఉండెను. కల్లములో ధాన్యము కొలుచునప్పుడు కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, మాదిగ, నీరటికాడు, వీరందరికి మేర ఉండెను. కోత అయిన చేనిలో రాలిన వెన్నులు ఏరుకొనుటకు బీద స్త్రీలకు పరిగె హక్కు ఉండెను; రూతు కథ విన్నప్పుడు మన పల్లె స్త్రీలకు దాని అర్థము వేరుగా విడమరచి చెప్పవలసిన పని లేదు. చెరువులో చేపలు ముదిరాజులకు ఆధారము. చెరువు ఎండిన కాలమున శిఖం భూమిలో పశువులు, గొర్రెలు మేసెడివి. ఈతచెట్టు గౌడునికి, గుట్టమీది బండ వడ్డెరవారికి బ్రతుకుతెరువు. ఒకరి చేను కలుపునకు పదిమంది వెళ్లి, మరునాడు వారి చేనికి వీరు వెళ్లు బదులు పని ఉండెను. ఇందులో ఏ ఒక్కటి కూడ పహాణీలో వ్రాయబడలేదు. అయినను ఇవన్నియు ఊరివారందరు ఎరిగిన హక్కులే.

ఆ కాలము బంగారు కాలమని నేను చెప్పుట లేదు. అట్లు చెప్పినయెడల మన తాతలు, ముత్తాతలు పడిన బాధను అవమానించినట్లగును. మేర పేరుతో వెట్టి కూడ ఉండెను. అప్పు తీరువరకు దొర ఇంట జీతముండిన పిల్లవాడు ముసలివాడైనను అప్పు తీరలేదు. వెట్టిచాకిరీ నిషేధ చట్టము 1976లో గాని రాలేదు. పటేలు, పట్వారీ వ్యవస్థ 1984 వరకు నడచినది. ఊరి లెక్కలన్నియు ఒక ఇంటి సందుగపెట్టెలో ఉండెను. కనుక ఆ రోజులు తిరిగి రావలెనని ఎవరును కోరరు. నేను చూపదలచినది వేరు. వాటా పంచిన చేయి అవమానించెను, నిజమే. కాని వాటా అనునది ఒకటి ఉండెను. అవమానము పోవుట న్యాయము. దానితోపాటు వాటా కూడ పోవలసిన అవసరము లేదు.

నగరము దగ్గరనున్నందున మన పల్లెలు జొన్నను నమ్ముకొని ఊరకుండలేదు. తెల్లవారుజామున పాలక్యానులు సైకిళ్లకు తగిలించుకొని వెళ్లినవారు, వంకాయ, బెండ, టమాట, ఆకుకూరలు బుట్టలలో నింపి నగరపు మార్కెట్లకు చేర్చినవారు మన ఇండ్లవారే. హైదరాబాదు చుట్టుపట్ల అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్లు పేరు పొందిన కాలమొకటి ఉండెను. భూగర్భజలము దిగజారుట, కూలి ఖర్చు పెరుగుట, అన్నిటికి మించి నేల విలువ పంట విలువను దాటిపోవుటచే ఆ పందిళ్లు క్రమముగా తగ్గిపోయినవి. 1999 జనవరి 26న రైతుబజార్లు ఆరంభమైనప్పుడు దళారి లేకుండ అమ్ముకొను అవకాశము కూరగాయల రైతుకు దొరికినది. ఈ పాడి, కూరగాయల వ్యవసాయములో ఒక విశేషమున్నది. అర ఎకరము కౌలుకు తీసికొన్న ఇల్లాలు కూడ ఇందులో నిలువగలిగినది. ఉదయము అమ్మిన కూర డబ్బు సాయంకాలము ఇంటికి బియ్యమై వచ్చినది.

తరువాత జరిగినది మీరందరు కన్నులార చూచినదే. 2005 మార్చి 16న కొత్త విమానాశ్రయమునకు శంకుస్థాపన జరిగినది. మూడు సంవత్సరములకే, 2008 మార్చి 23న, విమానములు ఎగురుట మొదలైనది. బేగంపేటనుండి ప్రయాణికుల విమానములు ఇక్కడికి మారినవి. దీనికి కేటాయించిన భూమి సుమారు 5,500 ఎకరములు. అదే 2008 నవంబరులో బాహ్యవలయ రహదారి మొదటి భాగము గచ్చిబౌలినుండి శంషాబాదు వరకు తెరచినారు. 2009 అక్టోబరులో మెహిదీపట్నమునుండి ఆరాంఘర్ వరకు పదకొండున్నర కిలోమీటర్ల పైవంతెన వచ్చినది. ఏడాదికి కోటి 20 లక్షల ప్రయాణికుల కొరకు కట్టిన విమానాశ్రయమును తరువాత 3 కోట్ల 40 లక్షలకు సరిపోవునట్లు విస్తరించినారు. ఒక రాష్ట్రమునకు ఇట్టి విమానాశ్రయము అవసరమే. మన ప్రాంతపు పిల్లలు కొందరు దానిలో మంచి ఉద్యోగములలో ఉన్నారు. అందుకు సంతోషించెదము.

అయితే ఆ భూమి ఏ చట్టము క్రింద సేకరించబడినది? 1894లో దొరలు చేసిన భూసేకరణ చట్టమే అప్పుడు అమలులో ఉన్నది. ఆ చట్టము భూమిలో హక్కు ఉన్నవానిని చూచినది. భూమిమీద బ్రతికినవానిని చూడలేదు. మార్కెట్టు విలువకు నూటికి ముప్పది రూపాయలు అదనముగా చేర్చి పట్టాదారునికి ఇచ్చి, లెక్క ముగించినది. మౌఖికముగా కౌలు చేసినవానికి, ఏడాదిలో నూరు రోజులు కలుపు, నాట్లు, కోతలతో గడుపుకొన్న కూలి స్త్రీకి, శిఖంలో గొర్రెలు మేపినవానికి ఆ లెక్కలో వరుస లేదు. మేర, పరిగె, బదులు పని, మేత వంటి వాటాలన్నియు పంట ఉన్నంతకాలమే. పొలము డబ్బుగా మారిన దినమున ఆ డబ్బు ఒక్క పేరుకే వచ్చినది.

ఇక్కడ ఒక మంచి సంగతి కూడ చెప్పవలెను. ప్రభుత్వము బీదలకు అసైన్ చేసిన భూములను తిరిగి తీసికొనునప్పుడు, అది ప్రభుత్వపు భూమియే కదా అని తక్కువ పరిహారముతో సరిపెట్టుట ఆనవాయితీగా ఉండెను. మన ప్రక్కనున్న చేవెళ్ల డివిజనునుండి వెళ్లిన వ్యాజ్యములోనే 2004లో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానపు విస్తృత ధర్మాసనము, అసైన్డ్ భూమి పొందినవారికి కూడ పట్టాదారులతో సమానముగా పరిహారము ఇవ్వవలెనని తీర్పు చెప్పినది. ఆ తీర్పు వలన రాష్ట్రమంతట ఎందరో దళిత, గిరిజన కుటుంబములకు నిలబడుటకు ఆధారము దొరికినది. ఆ వెలుగు మన జిల్లానుండి బయలుదేరినదని మన పిల్లలకు చెప్పవలెను.

పరిహారము, అమ్మకము రూపమున ఈ ప్రాంతమునకు వచ్చిన డబ్బు ఏమైనది? కొందరు దూరపు మండలములలో ఎక్కువ ఎకరములు కొని సేద్యము సాగించినారు, వారు తెలివైనవారు. కొందరు ఇంటిమీద ఇల్లు వేసి కిరాయిలతో బ్రతుకుచున్నారు. కొందరి ఇండ్లలో పెండ్లిండ్లు, కార్లు, అన్నదమ్ముల వ్యాజ్యములు, సారా దుకాణము కలిసి అయిదారు సంవత్సరములలో సంచిని ఖాళీ చేసినవి. కూర్చుండి తినిన కొండలైనను కరుగునని పెద్దలు ఊరకే అనలేదు. ఎకరము పొలము ప్రతి సంవత్సరము ఇచ్చినది తిని, పొలమును మిగుల్చుకొనుట మనకు తెలియును. డబ్బు ఇచ్చినది తిని డబ్బును మిగుల్చుకొనుట మనకు ఎవరును నేర్పలేదు. సంతకము పురుషునిది, సంపాదనలో చెమట ఇద్దరిది. భార్యకు చెప్పకుండ ఖర్చైన డబ్బు వలన నేటికిని మాటలు లేని ఇండ్లను నేను ఎరుగుదును.

భూమి లేనివారి సంగతి చూతము. విమానాశ్రయము, గోదాములు, హోటళ్లు, కర్మాగారములు పనులు తెచ్చినవి. ఊడ్చుట, సామాను మోయుట, తోటపని, కాపలా, వాహనములు నడుపుట వంటి పనులలో మనవారు, ఒడిషా, బీహారు, ఝార్ఖండ్ వంటి దూర రాష్ట్రములనుండి వచ్చినవారు ప్రక్కప్రక్కన పని చేయుచున్నారు. నెల తిరుగగానే జీతము రావడము మంచిదే. కరువు వచ్చినను జీతము ఎండదు. దొర గుమ్మము ముందర చెప్పులు విప్పి నిలువబడవలసిన పని లేదు. ఈ గౌరవము చిన్నది కాదు. కాని ఇందులో ఎక్కువ భాగము కాంట్రాక్టు పని. కాంట్రాక్టరు మారిన నాడు పదేండ్ల సేవ తుడిచివేయబడును. కేవలము జీతము తీసికొనువాడు ఆ పనిలో వాటాదారుడు కాడు. అందుచేతనే మన ఇండ్లలో రాబడి పెరిగినను, రేపటిని గురించిన భయము తగ్గలేదు.

ఊరు పట్టణమగుటలో మరియొక చిక్కు ఉన్నది. గ్రామీణ ఉపాధి హామీ చట్టము 2005లో చేసి, 2006 ఫిబ్రవరిలో అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆరంభించినప్పుడు, మొదటి విడత జిల్లాలలో రంగారెడ్డి కూడ ఉన్నది. నూరు దినముల పని అడుగు హక్కు పల్లెలోని బీదలకు దొరికినది. శంషాబాదు 2018లో పురపాలక సంఘమైనది. కొన్ని పంచాయతీలు అందులో కలిసిపోయినవి. పంచాయతీ పోయిన చోట ఆ పని అడుగు హక్కు కూడ పోయినది. పొలము పోకముందే పల్లె అను పేరు పోయిన ఇండ్లు ఉన్నవి. అదే 2018లో రైతుబంధు వచ్చినప్పుడు ఎకరమునకు పంటకు 4,000 రూపాయలు పాసుపుస్తకము ఉన్నవానికే చేరినవి; దున్నిన కౌలుదారునికి చేరలేదు. చట్టములు మారుచున్నవి, పేర్లు మారుచున్నవి. పట్టా లేనివాడు మాత్రము ప్రతిసారి వరుసకు బయటనే నిలువబడుచున్నాడు.

ఇక నీటి సంగతి. దీనిని వినునప్పుడు కొంచెము మనస్సు గట్టి చేసికొనుడి. 2020 అక్టోబరు 13న కుండపోత వర్షము కురిసినది. హైదరాబాదు పరిసరములలో కొన్ని చోట్ల ఒక్క దినములోనే 30 సెంటీమీటర్లకు మించి పడినది. ఆ రాత్రి మన ప్రక్కనే గగన్‌పహాడ్‌లో అప్ప చెరువు కట్ట తెగినది. నీరు బెంగుళూరు రహదారి మీదికి దూకి, వాహనములను కొట్టుకొనిపోయినది. మనుష్యుల ప్రాణములు పోయినవి. చెరువుకు ఒక కట్ట, ఒక తూము, ఒక అలుగు ఉండునని మన తాతలకు తెలియును. తూము పొలమునకు, అలుగు అదనపు నీటికి. వాన ఎక్కువైన దినమున అలుగు దూకిన నీరు వాగుదారిన క్రింది చెరువుకు పోవలెను. శిఖంలో షెడ్లు వేసి, వాగును మూసి, అలుగు ముందర గోడ కట్టినయెడల నీరు తన దారి తానే వెదకుకొనును. ఆ చెరువు శిఖంలోని ఆక్రమణలను 2024లో ప్రభుత్వపు హైడ్రా సంస్థ తొలగించినది. మనుష్యులు చనిపోయిన నాలుగేండ్లకు!

చెరువు చెడిపోవుటకు కారణమేమని ఆలోచించితిని. ఆయకట్టు ఉన్నప్పుడు చెరువు అందరిది. కట్టమీద పొద పెరిగినను, తూములో చిల్లి పడినను, నీరటికాడు ఊరిలో చాటించెడివాడు; ఇంటికొకరు పార పట్టుకొని వెళ్లెడివారు. మడులు ప్లాట్లయిన తరువాత చెరువుతో ఎవరికిని పని లేకపోయినది. పని లేనిది ఎవరిదియు కాదు. ఎవరిదియు కానిది బలవంతునిదగును. 2015లో మిషన్ కాకతీయ పేరుతో రాష్ట్రములోని 46 వేలకు పైగా చెరువులను బాగుచేయ తలపెట్టినప్పుడు పూడిక మట్టిని రైతులు తమ పొలములకు తోలుకొన్నారు. పొలములే లేనిచోట ఆ మట్టిని తోలుకొనువాడెవడు? అయితే గమనించుడి, అప్ప చెరువు నీరు పట్టా అడిగి ముంచలేదు. పాసుపుస్తకము ఉన్నవానిని, కిరాయి గదిలో ఉన్నవానిని, దారిని పోవువానిని ఒకే రాత్రి పట్టినది. మన ఊరివారినందరిని నేటికిని ఒకటిగా కట్టి ఉంచునది నీరే.

ఈ అనుభవము మన ఒక్కరిదే కాదు. సముద్రముల ఆవల, కెనడా దేశములో, మాంట్రియల్ నగరమునకు ఉత్తరమున మిరాబెల్ అను వ్యవసాయ ప్రాంతమున్నది. 1969లో అక్కడి ఫెడరల్ ప్రభుత్వము కొత్త విమానాశ్రయము కొరకు దాదాపు 97 వేల ఎకరములు తీసికొన్నది. మన విమానాశ్రయపు భూమికి అది పదిహేడు రెట్లు. వేలాదిమంది తరతరాల పొలములు విడువవలసి వచ్చినది. కొందరు నిన్నటి తమ పొలమునకే ప్రభుత్వమునకు కౌలు కట్టి సేద్యము చేసినారు. 1975 అక్టోబరులో విమానాశ్రయము తెరచినారు. అనుకొన్న ప్రయాణికులు రాలేదు. రైతులు సంఘముగా కూడి సంవత్సరముల తరబడి అడుగగా, 1980లలో ఆ భూములలో అధిక భాగమును తిరిగి అమ్మివేయుటకు ప్రభుత్వము ఒప్పుకొన్నది. 2004లో ప్రయాణికుల విమానములు ఆగిపోయినవి; 2014లో ఆ భవనమును కూలగొట్టుట మొదలుపెట్టినారు.

అక్కడ విమానాశ్రయము విఫలమైనది, ఇక్కడ సఫలమైనది. అయినను మిరాబెల్ మనకు రెండు సంగతులు తెలుపుచున్నది. ప్రభుత్వము కావలెనన్న భూమి అంతయు నిజముగా కావలసినది కాకపోవచ్చును. ఎంత, ఎందుకు అని మొదటనే అడుగుట ప్రజల హక్కు. రెండవది, అక్కడివారు భూమి పోయిన తరువాత చెదరిపోక, సంఘముగా నిలిచి అడిగినారు గనుకనే కొంతైనను తిరిగి పొందినారు. ఒక్కొక్కరుగా అడిగినవానికి చెక్కు వచ్చును. కలిసి అడిగినవారికి ఊరు మిగులును.

మన దేశములో కూడ చట్టము మారినది. 2013లో చేసిన కొత్త భూసేకరణ చట్టము 2014 జనవరి 1నుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టములో ఒక గొప్ప మార్పు ఉన్నది. భూమి లేకపోయినను, సేకరణకు ముందు మూడు సంవత్సరములుగా ఆ భూమి ఆధారముగా బ్రతికిన కూలీలు, కౌలుదారులు, చేతివృత్తులవారు కూడ బాధిత కుటుంబములే అని అది ఒప్పుకొన్నది. పల్లెలలో మార్కెట్టు విలువకు రెండు రెట్లవరకు గుణించి, దానిమీద నూటికి నూరు అదనముగా ఇవ్వవలెనన్నది. గ్రామమువారిని సంప్రదించి సామాజిక ప్రభావమును అంచనా వేయవలెనన్నది. 2017లో మన రాష్ట్రము చేసిన సవరణ కొన్ని రకముల ప్రాజెక్టులకు ఈ అంచనానుండి మినహాయింపు ఇచ్చుటకు వీలు కల్పించినది, అది విచారకరము. అయినను మూల సూత్రము చట్టములో నిలిచియున్నది. మేర, పరిగెలను ఏ పహాణీయు వ్రాయలేదని చెప్పితిని గదా. ఆ వాటాను చట్టపుస్తకము మొదటిసారి గుర్తించినది. అది గుర్తించునాటికి మన పొలములు కొన్ని వెళ్లిపోయినవి. కాని మన దక్షిణమున, పడమట ఉన్న గ్రామములకు రోడ్లు, కంపెనీలు, లేఔట్లు ఇంకను నడచి వచ్చుచునే ఉన్నవి. అక్కడి బంధువులకు మన అనుభవము ఉపయోగపడవలెను.

కాబట్టి మనము చేయదగిన పనులు కొన్ని మనవి చేసెదను.

మొదటిది, వ్రాసి ఉంచుట. మూడు సంవత్సరములు ఈ పొలములో కూలి చేసితిని, ఈ చేను కౌలుకు దున్నితిని అని నోటిమాటగా చెప్పిన కచ్చేరీలో నిలువదు. ప్రతి ఊరిలో ఒక పుస్తకము పెట్టి, ఎవరు ఎవరి భూమిని కౌలు చేయుచున్నారు, ఎవరు ఏ పనితో బ్రతుకుచున్నారు అని సంవత్సరము సంవత్సరము వ్రాసి, సాక్షుల సంతకములు తీసికొనవలెను. మన సంఘములలో బాప్తిస్మముల పుస్తకము, వివాహముల పుస్తకము, సమాధుల పుస్తకము ఎంత జాగ్రత్తగా ఉంచుచున్నాము! బ్రతుకుల పుస్తకమును కూడ అట్లే ఉంచవచ్చును. చదువుకొన్న యువకులకు ఇది నెలలో ఒక్క ఆదివారపు మధ్యాహ్నపు పని. ఇందులో మతభేదము, కులభేదము చూపరాదు.

రెండవది, చెరువు హద్దులు తెలిసికొనుట. కుంట నిండినప్పుడు నీరు ఎంతవరకు వచ్చెడిదో చెప్పగల ముసలివారు ఇంకను కొందరు ఉన్నారు. వారిని వెంటబెట్టుకొని నడచి, ఆ గుర్తులను పిల్లలకు చూపవలెను. అలుగు ఎక్కడ, వాగు ఎటు అని ప్రభుత్వపు పటముతో సరిచూచుకొనవలెను. వానాకాలమునకు ముందు వాగులో చెత్త తీయుటకు ఇంటికొకరు రావలెను. శ్మశానవాటికల హద్దులను కూడ ఇదే విధముగా కాపాడుకొనవలెను. గజము ధర పెరిగినచోట చచ్చినవారికి కూడ చోటు దొరకుట కష్టమగుచున్నది.

మూడవది, డబ్బును కలిసి కాచుకొనుట. 1982లో డ్వాక్రా పథకము ఆరంభమైనప్పటినుండి, విశేషముగా 1992లో బ్యాంకులతో సంబంధము ఏర్పడినప్పటినుండి, మన స్త్రీలు పొదుపు సంఘములలో చూపిన క్రమశిక్షణను మగవారు నేర్చుకొనవలసియున్నది. భూమి అమ్మిన డబ్బు వచ్చిన ఇంటిలో భార్యాభర్తలిద్దరి పేరున ఖాతా ఉండవలెను. పిల్లల చదువునకు కొంత ముందుగనే తీసి పెట్టవలెను. కాంట్రాక్టు పనిలో ఉన్నవారు ప్రతినెల జీతపు చీటి, ప్రావిడెంట్ ఫండు నంబరు, ఈ.ఎస్.ఐ. కార్డు అడిగి తీసికొనవలెను. అడుగుటకు ఒక్కడు భయపడును. పదిమంది కలిసి అడిగిన అది మామూలు మాటయగును.

చివరిది, కిరాయి గదులలో ఉన్నవారిని ఊరివారిగా ఎంచుట. భాష వేరు, ఊరు వేరు అని మనము వారిని దూరముగా ఉంచుచున్నాము. ఒకనాడు మన తాతలు ఈ ఊరిలో ఎట్లుండిరో, నేడు వారు అట్లున్నారు. పని వారిది, కాగితము మరొకరిది. వారి పిల్లలు బడిలో చేరినారా, జ్వరము వచ్చిన ఎక్కడికి వెళ్లుచున్నారు, వాన ముంచుకొని వచ్చిన రాత్రి వారి తలుపు ఎవరు తట్టుదురు? కిరాయి తీసికొను ఇంటి యజమాని ఈ ప్రశ్నలకు జవాబు తెలిసియుండవలెను. మనము కోల్పోయిన వాటాను గురించి బాధపడు హక్కు మనకున్నది. అయితే మన చేతిలో ఉన్న వాటాను ఇతరులకు ఇచ్చినప్పుడే ఆ బాధకు విలువ.

నూరేండ్ల పండుగ చేసికొనుచున్నాము. నూరేండ్ల క్రిందట ఈ నేలమీద జాగీరుదారు ఉండెను. నేడు విమానములు దిగుచున్నవి. రాబోవు నూరేండ్లలో ఏమి దిగునో మనకు తెలియదు. కాని ఏది వచ్చినను, పట్టా లేని ఇంటికి ఇందులో ఏ వాటా ఉన్నదని మొదట అడుగువారు ఈ ప్రాంతములో ఉండవలెను. వచ్చే వానాకాలమునకు ముందే పుస్తకము ఒకటి తెరచి, చెరువు కట్టమీద ఒకసారి నడచి రండని మిమ్మును బ్రతిమాలుచున్నాను.